కిందికి చూసే బాణం

"హలో... హలో... ఏమ్మా, వింటున్నావా?" అంటోంది అవతల ముసలావిడ.

రేడియో వింటోంది. ఆవిడ దగ్గు, దగ్గు మధ్యలో ఊపిరి అందక పడే అవస్థ, వెనకాల ఎవరో గిన్నె కింద పెట్టిన చప్పుడు, అన్నీ శుభ్రంగా వినిపిస్తున్నాయి. "చెప్పండమ్మా, వింటున్నాను" అని గొంతు పెంచి మరీ అరిచింది. ఆ అరుపు పక్క గదిలో అత్తగారిని ఉలిక్కిపడేలా చేసింది గానీ ముసలావిడ దాకా వెళ్లలేదు. మాట్లాడుతుంటే పైకీ కిందికీ ఆడాల్సిన ఆకుపచ్చ గీత, తెర మీద నేలకి అంటుకుపోయి ఉంది. "ఎవరూ పలకడం లేదే" అని ముసలావిడ ఇంట్లోవాళ్లతో చెప్పుకుని ఫోను పెట్టేసింది.

రేడియో చెవుల మీదున్న హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఏడుపొచ్చినంత పనయింది.

రేడియో అంటే ఆమె అసలు పేరు కాదు. నోటికి మూత లేదని మొగుడు పెట్టిన ముద్దుపేరు. అత్తగారి నుంచి పాలవాడి దాకా అందరూ దాన్నే ఖాయం చేశారు. తీరా చూస్తే ఆ నోరే ఆమెకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఒక పెద్ద ఆసుపత్రికి ఫోన్ చేసేవాళ్లతో ఇంట్లో కూర్చునే, కంప్యూటర్‌లోంచి మాట్లాడాలి. ఏ డాక్టరు ఏ పూట ఉంటాడో చెప్పాలి, సమయం ఇప్పించాలి, భయపడేవాళ్లకి కాస్త ధైర్యం చెప్పాలి. ఇంకా పరీక్షాకాలమే నడుస్తోంది. ఈ వారం గట్టెక్కితే ఉద్యోగం ఖాయం.

కాసేపటికి సూపర్‌వైజర్ సెల్‌ఫోన్‌కి చేసింది. మంచి మనిషే, కానీ ఆ మంచితనం మీద కూడా ఎవరో పైవాళ్లు కూర్చుని ఉన్నట్టు మాట్లాడుతుంది.

"మీ మైకు ఇంకా బాగుపడలేదండీ. నిన్న సాయంత్రం నుంచీ ఇంతే."

"అవును మేడమ్. ఏమయిందో అర్థం కావడం లేదు."

"డ్రైవర్లు పాతబడి ఉంటాయి. అన్నీ చెక్ చేసి అప్‌డేట్ చేయించండి. శుక్రవారం నేనే మీకు టెస్ట్ కాల్ చేస్తాను. అప్పుడు కూడా ఇలాగే ఉంటే... నేనేం చేయలేనండీ. ముందే చెబుతున్నాను."

ఫోను పెట్టేసి రేడియో హాల్లోకి వచ్చింది. అత్తగారు మంచం మీద బట్టలు మడత పెడుతోంది.

"డ్రైవర్ పాతబడిందంట అత్తయ్యా. మార్చాలంట."

అత్తగారి చేతిలో చొక్కా ఆగిపోయింది. అది కొడుకు చొక్కా, బస్సు నడిపేటప్పుడు వేసుకునేది.

"ఎవరమ్మా అన్నది? నా కొడుకు బండెక్కితే జనం హాయిగా నిద్రపోతారు. ఇన్నేళ్లలో ఒక్క కుక్కపిల్లకి తగిలించలేదు. వాడు పాతబడ్డాడా? మార్చేస్తారా?"

"అయ్యో, మీ అబ్బాయి కాదు. కంప్యూటర్లో డ్రైవరు."

"అది ఉన్నచోట నుంచి కదలదు కదా, దానికి డ్రైవరెందుకు?"

లోపల మరిది పడీపడీ నవ్వుతూ బయటికొచ్చాడు. చదువైపోయి చాన్నాళ్లయినా ఉద్యోగం దొరక్క, చుట్టుపక్కల కంప్యూటర్లకి మరమ్మతు చేసిపెడుతూ, ప్రతివాళ్లూ 'ఇంకా ఏమీ రాలేదా' అని అడిగే ప్రశ్నకి కొత్త కొత్త జవాబులు కనిపెడుతూ కాలక్షేపం చేస్తున్నాడు. "అమ్మా, మైకు మాట కంప్యూటర్‌కి అర్థం కాదు. కంప్యూటర్ మాట మైకుకి అర్థం కాదు. మధ్యలో ఇటు మాట అటు చేరవేసే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. అదే డ్రైవరు."

"మధ్యవర్తి అని చెప్పొచ్చుగా! డ్రైవరంటే నా గుండె ఆగినంత పనయింది."

మరిది కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రేడియో అతని భుజం మీంచి చూస్తూ నిలబడింది. అతను డివైస్ మేనేజర్ తెరిచాడు. కంప్యూటర్‌లో ఉన్న సమస్తం అందులో ఒకదాని కింద ఒకటి జాబితాలా ఉంది: బొమ్మ చూపించేది, ఇంటర్నెట్ పట్టేది, మౌసు, కీబోర్డు, స్పీకర్లు, మైకు. మైకు పేరు దగ్గరికి వచ్చేసరికి అతని వేలు మౌసు మీద ఆగిపోయింది. తెర మీదికి కాస్త వంగి చూశాడు.

"ఏంటి అబ్బాయ్, పెద్ద రోగమేనా?"

"ఏం లేదు వదినా" అన్నాడు, తల తిప్పకుండానే. "అప్‌డేట్ చేస్తే సరి."

అక్కడేదో నొక్కాడు. ఆ తర్వాత మాత్రం చాలా శ్రద్ధగా పనిచేశాడు. ఒక్కోదాని మీద మౌసు కుడి మీట నొక్కి అప్‌డేట్ అడిగాడు. చాలావాటికి కంప్యూటర్, ఉన్న డ్రైవరే మంచిదని జవాబిచ్చింది. ఆ మాట మరిది పైకి చదవగానే అత్తగారు మంచం మీంచే "చూశారా మరి" అంది. మరిది అంతటితో వదల్లేదు. కంప్యూటర్‌ని పక్కకి జరిపి, వెనకాల దుమ్ము తుడిచి, అతికించిన కాగితం మీద మోడల్ నంబరు చూసుకున్నాడు. తయారీ కంపెనీ సైటులోకి వెళ్లి శబ్దానికి సంబంధించిన కొత్త డ్రైవరు దించాడు. పాతది తీశాడు, కొత్తది ఎక్కించాడు, కంప్యూటర్ ఆపి మళ్లీ వెలిగించాడు.

"ఇప్పుడు మాట్లాడు వదినా."

"నమస్కారమండీ, మా మరిదికి ఉద్యోగం, పిల్ల రెండూ ఒకేరోజు దొరకాలండీ" అంది రేడియో మైకులోకి. ఆకుపచ్చ గీత గంతులేసింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

సాయంత్రం మొగుడు డ్యూటీ దిగి వచ్చాడు. సంగతంతా చెబితే సగం విని, మంచినీళ్ల గ్లాసు ఆమెకే అందించాడు. "ముందు నువ్వు తాగు. మొహం చూడు ఎలా అయిపోయిందో."

"బాగయిందిలే. నీ తమ్ముడు బాగుచేశాడు."

"నాకవన్నీ ఏం తెలుస్తాయే. నాకు తెలిసిందల్లా క్లచ్చూ, బ్రేకూ. కానీ ఇంత గొడవ అవసరమా అని. రోజంతా ఆ హలోలు వినీ వినీ నీ చెవులు ఏం కావాలి?" అంటూ ఆమె చెవి పట్టుకుని మెల్లగా లాగాడు. హెడ్‌ఫోన్ ఒత్తుకుని ఎర్రబడిన చోటు అది. ఆ చల్లటి వేళ్లు తగిలితే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం దాకా అంతా సవ్యంగా నడిచింది. ఇంటిల్లిపాదికీ వడ్డించి, తనూ తిని, వంటిల్లు సర్ది, మళ్లీ వచ్చి కూర్చునేసరికి గీత పడుకుంది. ఒక తండ్రి, జ్వరంతో ఉన్న పిల్లని ఎత్తుకుని మాట్లాడుతున్నట్టున్నాడు, ఏడుపు మరీ దగ్గరగా వినిపిస్తోంది. "మేడమ్, పిల్లల డాక్టరున్నారా? హలో? మేడమ్, కొంచెం చెప్పండి మేడమ్." అతను బతిమాలడం మొదలుపెట్టాక రేడియో వినలేక హెడ్‌ఫోన్ లాగేసింది.

మరిది తినేసి అప్పటికే బయటికెళ్లిపోయాడు. ఆసుపత్రివాళ్ల సాంకేతిక విభాగానికి సెల్‌ఫోన్‌లోంచి చేసింది. అక్కడి మనిషి విసుగ్గా మొదలుపెట్టాడు గానీ, దూరం నుంచే ఆమె తెర చూస్తూ చూస్తూ మెత్తబడ్డాడు.

"డ్రైవర్లన్నీ కొత్తవేనమ్మా. ఎవరో గానీ బాగా చేశారు. మీ సమస్య డ్రైవరు కాదు."

"మరి?"

"మైకు పేరు పక్కన చూడండి. డ్రైవర్ గొడవైతే అక్కడ పసుపు రంగు త్రికోణం వస్తుంది. ఇక్కడ ఏముంది?"

రేడియో కళ్లు చికిలించి చూసింది. "చిన్న బాణం. కిందికి చూస్తోంది."

"అంటే మైకు చెడిపోలేదు. ఆపేశారు. దాని మీద కుడి మీట నొక్కి, 'డిసేబుల్' అని ఉంటుంది చూడండి, అది నొక్కితే ఇలా అవుతుంది. 'ఎనేబుల్' అని నొక్కండి, వచ్చేస్తుంది."

నొక్కింది. ఆకుపచ్చ గీత లేచి నిలబడింది. ఇంత సులువా అని ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"అదంతట అదే అలా ఆగిపోతుందాండీ?"

"ఎప్పుడైనా ఒకసారంటే ఏమో అనుకోవచ్చు. వెంటవెంటనే రెండుసార్లు, అదీ ఒక్క మైకే అంటే... ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా?"

"లేరండీ" అంది రేడియో.

ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ బాణం ఉన్నచోటే చూస్తూ కూర్చుంది. బాణం ఇప్పుడు లేదు. మరిది వేలు మౌసు మీద ఆగిపోవడం గుర్తొచ్చింది. వంగి చూసి, 'ఏం లేదు వదినా' అనడం గుర్తొచ్చింది. చూశాడు. చూసి దాచాడు. ఈ ఇంట్లో ఆ పని తెలిసినవాడు ఇంకెవడున్నాడు? అత్తగారు కంప్యూటర్ దగ్గరికి వస్తే షాక్ కొడుతుందని ఆమడ దూరంలో నిలబడుతుంది. మొగుడికి మౌసు పట్టుకోవడమే చేతకాదు. అలా ఒక్కొక్కళ్లనీ పక్కన పెడితే మరిదే మిగిలాడు. సొంత తమ్ముడి కంటే ఎక్కువగా చూసుకుంది వాణ్ని.

రాత్రి భోజనాల దగ్గర ఉగ్గబట్టుకోవాలనే చూసింది. రేడియోకి ఆ విద్య ఎప్పుడు అబ్బింది గనక!

"మైకు చెడిపోలేదంట" అంది కూర వడ్డిస్తూ. "ఎవరో చేత్తో ఆపుతున్నారంట."

ఒక గరిటె మరిది కంచంలో వేసి అతని వైపు తిరిగింది.

"నువ్వు చూశావు కదా అబ్బాయ్ ఆ బాణం? నాకెందుకు చెప్పలేదు?"

మరిది ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. ఆమె వైపు చూడలేదు. ఎదురుగా కూర్చున్న అన్న వైపు చూశాడు. అన్న కంచంలోకి వంగి, కలిపిన అన్నాన్నే మళ్లీ కలుపుతున్నాడు.

"చెప్పు. నేనేం పాపం చేశానని? నాకు ఉద్యోగం వస్తే నీకేం పోయింది? జ్వరం పిల్లని ఎత్తుకుని ఒకాయన నా కాళ్లు పట్టుకున్నట్టు బతిమాలాడు తెలుసా? ఆ పాపం ఎవరికి తగులుతుంది?"

"ఏంటమ్మా, వాడెందుకు చేస్తాడు?" అంది అత్తగారు బిక్కమొహం వేసుకుని.

"మరి నేను చేసుకున్నానా? మీరు చేశారా?"

మరిది ఇంకా అన్న వైపే చూస్తున్నాడు. అన్న కలుపుతూనే ఉన్నాడు. చివరికి మరిది ముద్దని కంచంలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని వచ్చాడు. "సరే వదినా. నేనే అనుకో" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. చెప్పుల్లో కాళ్లు పెట్టి, స్నేహితుడి గదికి వెళుతున్నానని తల్లితో చెప్పి వెళ్లిపోయాడు.

అత్తగారు కంచం ముందు కూర్చునే కళ్లు ఒత్తుకుంది. తర్వాత మొగుడు పక్కన చేరి రేడియో వీపు నిమిరాడు. "వాడికి ఉద్యోగం లేదన్న ఉక్రోషం. నీకొచ్చేసరికి ఓర్చుకోలేకపోయాడు. నువ్వు మనసులో పెట్టుకోకు. నేను మాట్లాడతాలే" అన్నాడు. అంత అన్యాయం జరిగినా తన వైపు ఒకడున్నాడు కదా అని ఆమె అతని భుజం మీద తలపెట్టి ఏడ్చింది.

శుక్రవారం పొద్దున్నే లేచి జాబితా తెరిచి చూసుకుంది. బాణం లేదు. ఒకటి రెండు ఫోన్లు కూడా చక్కగా మాట్లాడింది. సూపర్‌వైజర్ చేసే వేళకి ఇంకా వ్యవధి ఉంది కదా అని తలంటుకోవడానికి వెళ్లింది. స్నానం చేస్తున్నంతసేపూ వీధి మెట్ల మీద అత్తగారి గొంతు వినబడుతూనే ఉంది. చిన్నకొడుకు అన్నం మీంచి లేచి వెళ్లిన సంగతి పక్కింటావిడకి చెప్పి, మళ్లీ మొదటినుంచి చెబుతోంది.

తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చి కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, "ఒకటి, రెండు" అంది. గీత కదల్లేదు.

జాబితా తెరిచింది. బాణం కిందికి చూస్తోంది.

మొదట కంగారుతో మౌసు మీద చెయ్యి వేసింది. ఆ తర్వాత చెయ్యి ఆగింది. మరిది రెండు రోజులుగా ఇంట్లో లేడు. అత్తగారు మెట్ల మీద నుంచి లేవనేలేదు, ఆ మాటల ధార ఇప్పటికీ తెగలేదు. పక్క గదిలో బూట్లకి బ్రష్ కొడుతున్న చప్పుడు వస్తోంది. ఈవేళ మొగుడికి మధ్యాహ్నం డ్యూటీ. బ్రష్ చప్పుడు టకటకా వచ్చి, ఆగి, మళ్లీ వస్తోంది. ఆగినప్పుడల్లా చెవులు రిక్కించి వింటున్నాడని ఆమెకు తెలిసిపోయింది.

మౌసు పట్టుకోవడం చేతకాని మనిషి!

రేడియో వేలు మాత్రం పని చేసుకుపోయింది. కుడి మీట, ఎనేబుల్. గీత లేచింది, ఫోను మోగింది.

సూపర్‌వైజర్ కోపిష్టి రోగి వేషం కట్టి వచ్చింది. మీ ఆసుపత్రి దండగ అంది, పొద్దుటినుంచీ ఎవరూ పట్టించుకోలేదంది, నీకసలు మాట్లాడటం వచ్చా అంది. "మీరు ఎంత విసిగిపోయి ఉంటారో అర్థమైందండీ. కంగారు పడకండి, నేనున్నాను కదా, ఒక్కొక్కటే చూద్దాం" అంది రేడియో. అంటుంటే గడపలో మొగుడు కనిపించాడు. ఒక చేతికి బూటు, ఒక చేతిలో బ్రష్. ఆకుపచ్చ గీత గంతులు చూసి అతని మొహంలో రంగు మారింది. ఆమె అతన్నే చూస్తూ, 'మీకు ఇంకేమైనా కావాలా' అన్న చివరి మాట దాకా మాట్లాడింది.

"బాగుందండీ" అంది సూపర్‌వైజర్ మామూలు గొంతుతో. "మీ మాటలో ఓపిక ఉంది. సోమవారం నుంచి మీరు మా మనిషే."

రేడియో హెడ్‌ఫోన్ తీసింది. సంతోషం రావాల్సిన చోట ఏమీ రాలేదు.

"ఎవరు నేర్పారు?"

"ఏది?" అన్నాడు. ఆమె అలాగే చూస్తుంటే బూటు కింద పెట్టాడు. "తమ్ముణ్నే అడిగా. ఇంట్లో మనం అనుకునే మాటలు అవతలివాళ్లకి వినిపిస్తాయేమో, మైకు ఎలా ఆపాలిరా అని. చూపించాడు."

"ఎందుకు చేశావు?"

అతను గోడకి ఆనుకున్నాడు. "నేను ఇంటికొచ్చేసరికి ఈ తలుపేసి ఉంటుంది. లోపల నువ్వు ఎవరెవరితోనో మాట్లాడుతుంటావు. ఎంత తియ్యగా మాట్లాడతావో నీకు తెలీదు. కంగారు పడకండి, నేనున్నాను కదా అంటావు. నాతో ఆ గొంతుతో మాట్లాడి ఎన్నాళ్లయింది? బయటికొచ్చి, వడ్డించాను తిను అంటావు, నోరు నొప్పిగా ఉందని పడుకుంటావు. ఈ ఇంటికి రేడియోనే లేకుండా పోయింది. నాలుగు రోజులు ఇబ్బంది పడితే నువ్వే విసిగి మానేస్తావనుకున్నా. అంతే. నీకు చెడు చేయాలని కాదే."

ఆ మాట ఇదివరకే చెప్పి ఉంటే ఆమె నవ్వి, తలుపు తీసి, అతని పక్కన కూర్చుని గంటలతరబడి వాగి ఉండేది. ఇప్పుడు కూడా, ఒక్క మైకు సంగతే అయితే, నాలుగు తిట్టి మర్చిపోగలదు.

"మైకు సంగతి వదిలెయ్. అన్నం ముందు నేను వాణ్ని కడిగేస్తుంటే నువ్వేం చేశావు?"

అతను కింద పెట్టిన బూటు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"వాడు నీకేసే చూశాడు. నువ్వు చెబుతావేమోనని చూశాడు. నువ్వు అన్నం కలుపుకున్నావు. సరే, భయపడ్డావనుకుంటా. తర్వాత నా వీపు నిమురుతూ, వాడికి ఉక్రోషం అన్నావు. ఆ మాట నిన్నెవరు అనమన్నారు? నేను అడిగానా?"

"నోట్లోంచి వచ్చేసింది..."

"నేను నీ భుజం మీద పడి ఏడ్చాను" అంది రేడియో.

అతను డ్యూటీకి వెళ్లిపోయాక మరిదికి ఫోన్ చేసింది.

"మళ్లీ పోయిందా వదినా? కుడి మీట నొక్కి..."

"పోలేదు. ఇంటికి రా అబ్బాయ్. నోటికొచ్చినట్టల్లా అన్నాను నిన్ను. ఎవరు చేశారో తెలిసింది."

అవతల మైకు పోయిందేమో అన్నంత నిశ్శబ్దం. ఆఖరికి అతను, "అన్నయ్యని ఏమీ అనకు వదినా" అన్నాడు. తిట్టినా బాగుండేది. రేడియో గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

మరిది వచ్చేసరికి పొద్దు వాలింది. ఆమె అతనికి దగ్గరుండి వడ్డించింది, ఇద్దరూ ఆ విషయం ఎత్తలేదు. అత్తగారు ఎవరికి ఏమని సర్దిచెప్పాలో తెలియక ఉత్తపుణ్యానికి గిన్నెలు అటూ ఇటూ మార్చింది. ఇంతలో వీధి తలుపు చప్పుడైంది. పెద్దకొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. తమ్ముణ్ని చూసి లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేకపోయాడు.

రేడియో లేచి ఎదురెళ్లింది.

"వచ్చారా? చాలా అలసిపోయినట్టున్నారు. కాళ్లు కడుక్కోండి. భోజనం ఇప్పుడే వడ్డించమంటారా, కాసేపు ఆగుతారా?"

గొంతు మెత్తగా, తియ్యగా, ఎక్కడా గరుకు లేకుండా ఉంది. అత్తగారి మొహం విప్పారింది. "ఇన్నాళ్లకి నా కోడలికి మొగుణ్ని మర్యాదగా పలకరించడం తెలిసింది. నువ్వు నువ్వు అంటుంటే నలుగురిలో నాకెంత తలవంపుగా ఉండేదో!"

మరిది తినడం ఆపి వదిన మొహంలోకి చూసి, మళ్లీ తల దించేసుకున్నాడు.

గుమ్మంలో మనిషి కదల్లేదు. పెళ్లయిన నాటినుంచీ ఆమె నోట అతను 'మీరు' అన్న మాట వినలేదు. పోట్లాటల్లో లేదు, పరాయివాళ్ల ముందు లేదు. "అలా మాట్లాడకే" అన్నాడు మెల్లగా. "తిట్టు. నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు."

"అయ్యో, అదేం మాటండీ" అంది ఆమె. అతని చేతిలో సంచి అందుకుని, నవ్వి, పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. "మీకు ఇంకేమైనా కావాలా?"